ఘటం మోసిన చేతుల వణుకు

కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన వేసవిలో నన్ను ఇక్కడ బర్మాలో, ఇన్సేన్‌లోని ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో సిస్టర్‌గా వేశారు. స్టాఫ్ నర్సు పైన, మేట్రన్ కింద ఉండే ర్యాంకు అది. రోగి గురించి ఇంటివాళ్లను అడిగి రాసుకోవడం, మందులు ఇప్పించడం నా పని. తెలుగువాళ్లొస్తే వాళ్ల మాట డాక్టరుకు బర్మీస్‌లో చెప్పడం మాత్రం ఎవరూ అప్పగించని పని. అదీ నా నెత్తినే పడింది.

అలా వచ్చిన మనిషి ఎర్రమ్మ. తాకేటా అనే పేటలో కూరగాయలు అమ్మేది. ఏటా అమ్మవారి పండుగకు ఘటం, అంటే పసుపు పూసి దీపం పెట్టిన కుండ, ఆమే నెత్తిన ఎత్తుకునేది. డప్పు మోగితే ఆమెకు అమ్మవారు పూనేది. ఆ ఏడు మాత్రం పండుగ దగ్గర పడకముందే నిద్ర మానేసింది. బజారులో కూరలన్నీ ఊరికే పంచిపెట్టింది. మాట ఆపితే ఒట్టు.

బర్మీస్ పిల్ల అయిన కోడలు, నాట్ పట్టిందంది. ఇక్కడివాళ్లు కొబ్బరికాయ కట్టి కొలిచే దేవతలు నాట్‌లు. డాక్టరమ్మ దో ఖిన్ దీన్ని మేనియా అన్నారు, అంటే మనసు పట్టు తప్పి పరుగెత్తే జబ్బు. ఏటా పూనేదీ అదేనన్నారు. భర్త సింహాచలం ఇద్దరి మాటా ఒప్పుకోలేదు.

"ఇది అమ్మోరు కాదు సయామ్మా," అన్నాడు. నర్సుల్ని ఇక్కడ అలాగే పిలుస్తారు. "అమ్మోరు డప్పు కొడితే ఒత్తాది, హారతిత్తే ఎల్లిపోతాది. ఇదేటో ఎల్లటం లేదు."

దీన్ని బర్మీస్‌లో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. జబ్బు కాదంటున్నాడా అని డాక్టరు అడిగారు. ఇది జబ్బేనంటున్నాడు, ఏటా వచ్చేది మాత్రం కాదంటున్నాడు అన్నాను. నీకేమైనా అర్థమైందా అన్నట్టు చూశారామె. నాకూ కాలేదు.

మనసును నిలకడగా ఉంచే లిథియం మందు మొదలుపెట్టారు. ఎర్రమ్మ నిద్రపోయింది, బజారుకు వెళ్లింది. ఆ తర్వాత నన్నొక్కటే అడిగింది, ఈ ఏడు ఘటం ఎత్తనిస్తారా అని. "ఎత్తకపోతే ఈదిలో నానేటి సయామ్మా? పిచ్చిదాన్నే కదా."

డాక్టరు భయం వేరు. లిథియం వాడేవాళ్లు నీళ్లూ ఉప్పూ మానకూడదు. ఘటం ఎత్తేవాళ్లుండే ఉపవాసానికి ఎండలో చెమట తోడైతే ఒంట్లో మందు పెరిగి విషమవుతుంది. మామూలుగా వేళ్లు సన్నగా వణుకుతాయి. విషమైతే చేతులే ఊగిపోతాయి. చివరికి మూడు షరతులు పెట్టి ఒప్పుకున్నారు. ముందుగా రక్తపరీక్ష, పండుగనాడు ఉప్పేసిన మజ్జిగ, పక్కన నేను. మజ్జిగకి అమ్మోరేటీ అనదని సింహాచలమూ సర్దుకున్నాడు.

రక్తపరీక్ష బాగానే వచ్చింది. పండుగనాడు డప్పు మోగింది. కుండ పట్టుకున్న ఎర్రమ్మ చేతులు వణికాయి, తర్వాత ఊగిపోయాయి. జనం అమ్మోరొచ్చిందని దండాలు పెడుతున్నారు. అది మందో, విషమో, అమ్మవారో చూసి చెప్పే చదువు నేను చదవలేదు. నడిరోడ్డు మీద ఆపితే ఆమెకు పిచ్చిదన్న పేరు ఖాయమవుతుంది. ఆపకపోతే ప్రాణం మీదికి రావచ్చు. ఏం చెయ్యాలో తోచక, హారతి ఇప్పుడే ఇచ్చేయమని సింహాచలానికి చెప్పాను. విషమైతే హారతికి ఆగదని మాత్రం నాకు తెలుసు.

డప్పు ఆపించి కర్పూరం వెలిగించాడు. ఆ చేతులు నిలిచాయి. ఎర్రమ్మ తానే కుండ దించి నేలమీద పెట్టి, మజ్జిగ అడిగింది. గ్లాసు పట్టుకున్న వేళ్లు మాత్రం ఇంకా సన్నగా వణుకుతున్నాయి.

జరిగింది డాక్టరుకు చెప్పాను. మందు మాత్రం మాననివ్వకండి అన్నారు. వచ్చింది అమ్మవారేనా అని ఎర్రమ్మను అడిగితే, "నాకేటి తెలుసు, కుండ పడలేదు కదా," అంది.

ఆ ఊపు ఏమిటో నాకిప్పటికీ తెలియదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఇంటివాళ్లు జబ్బుకు ఏ పేరు పెట్టినా కాదనలేదు. అది దేనితో వస్తుంది, దేనితో పోతుంది, మనం ఆపితే ఈ మనిషికి ఇంకేం పోతుంది అని అడిగాకే మందుల సంగతి ఎత్తేదాన్ని.