గ్రేస్ ఇంటి ముందు రెండు బకెట్ల నీళ్లు

మా యమున ఆఫ్రికా వెళ్తానన్న రోజు నేను నోరు వెళ్లబెట్టాను. పాతపట్నంలో ఆటో ఎక్కి పక్కనే ఉన్న పర్లాకిమిడి వెళ్లాలన్నా పదిసార్లు ఆలోచించే మనిషి. అలాంటిది మలావీ అట, అక్కడ చర్చివాళ్లు నడిపే హైస్కూలట, లెక్కలు చెప్పాలట, రెండేళ్లట. స్టాఫ్‌రూంలో నోట్సులు దిద్దుకుంటూ, ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఒసే, అదెక్కడున్నాదో ముందు మేపులో సూపించు" అన్నాను.

చూపించింది. నా చిటికెన వేలంత దేశం. "నీకు మతిగాని పోయిందా" అని అడిగాను.

"రోట్లో తలెట్టేసేను. ఇక రోకటి పోటుకి భయపడితే ఎలాగే" అంది. అప్పటికే సంతకాలు పెట్టేసిందన్నమాట. నాకు మాట మాత్రం చెప్పకుండా. వారం రోజులు దాంతో మాట్లాడలేదు.

నేను దుర్గను. అదే ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. నేనూ యమునా పదకొండేళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. నోరు నాది, ఓర్పు తనది. సర్టిఫికెట్లలో యమున, చర్చి రిజిస్టరులో కృపమ్మ. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి దానమ్మ రైతుల కళ్లాల్లో ధాన్యం తూర్పారబట్టి కూతుర్ని ఎమ్మెస్సీ దాకా చదివించింది. దానమ్మ కోడి కూయకముందే లేచి బైబిలు చదివే మనిషి. ఆదివారం వానొచ్చినా వరదొచ్చినా గుడి మానదు. కానీ చావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి మాటా వినదు. పాస్టరుగారు ఎన్నిసార్లు నచ్చజెప్పినా "దేవుడు దేవుడే బాబూ, మైల మైలే" అనేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా.

మొదటి నెలంతా యమున ఫోన్లు వింటే నాకు కళ్లు తిరిగేవి. అక్కడ ఒక్కో క్లాసులో నూట పన్నెండు మంది పిల్లలట. బల్లలు సగం మందికే, మిగతావాళ్లు కిందే. ఆడపిల్లలు నోటుపుస్తకం ఇవ్వాలంటే టీచరు ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇస్తారట.

"లేవమ్మా అని లేపితే మళ్లీ కూకుంటన్నారే. నాకేటి సెయ్యాలో తోచక నేనూ కూకుండిపోయేను. క్లాసంతా ఒకటే నవ్వు" అంది.

గుళ్లో కానుక వేయడానికి డాన్సు చేసుకుంటూ వెళ్తారట. మన పాస్టరుగారు చూస్తే పుల్పిటు మీదే కూలబడిపోతారని నవ్వింది. నవ్వుతోందే గానీ గొంతులో బెంగ నాకు తెలుస్తూనే ఉంది. మూడో వారంలో ఒకరోజు ఏడ్చేసింది కూడా. వచ్చెయ్యమన్నాను. వచ్చేసేదే, గ్రేస్ లేకపోతే.

గ్రేస్ అంటే పక్క క్వార్టర్సులో ఉండే టీచరు. సైన్సు చెబుతుంది. ముసలి తల్లితో ఉంటుంది. రెండిళ్లకీ మధ్యన ఒకటే కుళాయి. బొగ్గుల పొయ్యి రాజెయ్యడం, మొక్కజొన్న పిండి గట్టిగా ఉండలు లేకుండా వండడం, నడుముకి చుట్టుకునే రంగుల బట్ట జారకుండా ముడెయ్యడం అన్నీ గ్రేసే నేర్పింది. ఆ బట్టను చిటెంజె అంటారట. తనది ఒకటి తెచ్చి యమునకు ఇచ్చింది. తొలకరి వాన పడిన సాయంత్రం ఉసుళ్లు పట్టి, రెక్కలు దులిపి, ఉప్పేసి వేయించి పళ్లెంతో తెచ్చిందట. మన మన్నెం వైపు ఉసుళ్లు వేయించుకు తినరూ, అవే. యమున వాళ్లమ్మమ్మ చేసేది. పళ్లెం చూసి యమున అక్కడే గుమ్మంలో కూర్చుని ఏడ్చిందట. గ్రేస్ తల్లి వచ్చి తల నిమిరి, వాళ్ల భాషలో ఏదో అందట. మాట తెలియకపోయినా అమ్మ మాటే అనిపించిందట.

ఆ తరువాత ఇక వచ్చేస్తానన్న మాట ఎత్తలేదు. ఆ పరాయి దేశంలో యమునకు తనదంటూ ఉన్నది ఆ ఒక్క మనిషి. అది పోతే ఇంకేమీ లేదు. ఆ సంగతి తనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం గ్రేస్ తల్లి పోయింది.

అదే రోజు మధ్యాహ్నం యమున నాకు ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. గ్రేస్ ఇచ్చిన చిటెంజె కట్టుకుని వెళ్లిందట. ఆడవాళ్లంతా లోపల శవం చుట్టూ చాపల మీద కూర్చుని పాటలు పాడుతున్నారు. గ్రేస్ యమున చెయ్యి పట్టుకుని, భుజం మీద తల వాల్చి ఏడ్చింది. యమునా ఏడ్చింది. అంతలో పెరట్లోంచి పొగ వచ్చింది. చూస్తే మూడు రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలెక్కించి వంట చేస్తున్నారట.

"శవం ఇంట్లో ఉండగానేనే. పొయ్యి ఎలిగించీసేరు. నా గుండె ఆగిపోయిందనుకో" అంది.

మన దగ్గర శవం లేచేదాకా ఆ ఇంట్లోనే కాదు, పక్కింట్లోనూ పొయ్యి వెలగదు.

వండింది పళ్లేల్లో పెట్టి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి, మొట్టమొదట యమునకే ఇచ్చారట, విదేశం నుంచి వచ్చిన టీచరని. యమున తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఇచ్చారు. మళ్లీ ఊపింది. చావింట్లో పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు కదా. ఇంకాసేపు కూర్చుని, మెల్లగా చెయ్యి విడిపించుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా లేచి వచ్చేసింది. చావింట్లో వెళ్లొస్తానని చెప్పకూడదు కదా. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్లి, కట్టుబట్టలతోనే నెత్తి మీంచి రెండు బకెట్లు పోసుకుంది. మైలతో గుమ్మం తొక్కకూడదు కదా. ఆ చిటెంజెను అక్కడే ఉతికి తీగ మీద ఆరేసింది. పెరట్లో ఉన్న వందమందీ చూస్తూనే ఉన్నారట.

"అన్నీ పద్ధతి ప్రకారమే సేసేను. అమ్మక్కూడా సెప్పేను. మంచి పని సేసేవంది" అంది.

నేను కూడా అదే అన్నాను. "మంచి పని చేశావే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ముల్లులా ఉంది.

మర్నాడు ఖననం గ్రేస్ సొంతూళ్లో. టీచర్లందరికీ లారీ పెట్టారు. యమున సంచి పట్టుకుని వెళ్లి ఎక్కింది. పక్కన కూర్చున్నావిడ లేచి అవతలికి వెళ్లిపోయింది. ఇటువైపావిడ కూడా లేచింది. లారీ నిండా మనుషులు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు, యమున చుట్టూ మాత్రం ఖాళీ. గ్రేస్ డ్రైవరు పక్కన కూర్చుని ఉంది, వెనక్కి తిరిగి చూడలేదు. యమున కాసేపు చూసి దిగిపోయింది. లారీ వెళ్లిపోయింది.

సోమవారం క్లాసులో లెక్క చెయ్యమంటే చేశారు, పుస్తకాలు ఇమ్మంటే ఇచ్చారు. అంతే. అంతకుముందు గేటు దగ్గరే ఎదురొచ్చి పలకరించే పిల్లలు తలలు దించుకుని పక్కనుంచి పోయారు. యమునకు బుర్ర పనిచెయ్యలేదు. సాయంత్రం హెడ్మాస్టరు ఫిరిగారు పిలిచారు. పెద్దాయన, నెమ్మదస్తుడు.

"టీచర్, ఒకటి అడుగుతాను, తప్పనుకోకండి" అన్నారట. "ఏడుపింట్లో పెట్టిన అన్నం వద్దన్నారు. అది దుఃఖం పంచుకోవడం మాకు. మీరు పంచుకోలేదు. చెప్పకుండా లేచిపోయారు. అలా ఎవరు పోతారు మా ఊళ్లల్లో, చావులో చెయ్యి ఉన్నవాళ్లు పోతారు. అయినా మీరు పరాయివాళ్లు, మీకు తెలియదనుకున్నాం. కానీ బయటికొచ్చి, అందరూ చూస్తుండగా, గ్రేస్ పట్టుకున్న చేతిని, గ్రేస్ ఇచ్చిన బట్టని కడుక్కున్నారు. మేము మిమ్మల్ని ముట్టుకుంటే మీకేం అంటింది?"

యమున ఇంటికొచ్చి నాకు ఫోను చేసింది. గొంతు గుర్తు పట్టలేకపోయాను.

"అది మైల, ఇది వేరు అని చెప్పకపోయావా" అని అరిచాను. "మన సొంతవాళ్లు చచ్చినా పోసుకుంటాం కదే. ఇందులో వాళ్లని అన్నదేముంది?"

"నానూ అదే అనుకున్నాను" అంది. తరువాత మెల్లగా చెప్పింది. "మాయమ్మ కళ్లాల్లో సేట పట్టుకుని తూరుపెట్టీది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పొద్దోయాక రైతుగారమ్మాయి ఆ సేట మీద నీళ్లు జల్లి లోపలికి అట్టుకెళ్లీది. మాయమ్మ ముట్టిందని. రోజూ సూసీదాన్ని. దుర్గా, పోసుకున్నోళ్లకి అది వేరు, ఇది వేరు. నిలబడి సూసినోళ్లకి ఒకటే."

మా ఇంట్లోనూ చేటల మీద నీళ్లు జల్లేవారు. జల్లింది ఎవరనుకున్నారు, నేనే. మా నాయనమ్మ చెంబు నా చేతికిచ్చి పంపేది. అది యమునకు చెప్పలేదు. నెట్‌వర్కు సరిగా లేదని పెట్టేశాను.

గ్రేస్ పదిరోజులకు తిరిగొచ్చింది. తలుపు మూసే ఉంటోంది. కుళాయి దగ్గర యమున ఉంటే ఆమె రాదు. యమున రెండు రోజులు చూసింది. మూడోరోజు స్కూలు వదలగానే మొక్కజొన్న పిండి బస్తా ఒకటి భుజాన పెట్టుకుని వెళ్లి ఆ గుమ్మం ముందు నేల మీద కూర్చుంది. ఏడుపింటికి పిండి తీసుకెళ్తారని పిల్లల్ని అడిగి తెలుసుకుందట. పాఠం చెప్పిన నోటితోనే పాఠం అడిగింది.

గంట కూర్చుంది. గ్రేస్ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

యమున అంతా చెప్పింది. చావు, మైల, నీళ్లు. గ్రేస్ ముఖంలో ఏమీ కదల్లేదు. అప్పుడు చేట సంగతి చెప్పింది. వాళ్లమ్మ ముట్టిన చేట మీద నీళ్లు జల్లేవారని, ఏ పాపమూ లేకుండా, పుట్టుకను బట్టి.

"అది తెలిసి కూడా నువ్వు నాకు అదే చేశావా?" అంది గ్రేస్.

"తెలిసి చెయ్యలేదు. చేశాక తెలిసింది" అని చెప్పిందట యమున.

గ్రేస్ లోపలికెళ్లి చల్లారిపోయిన పొద్దుటి మొక్కజొన్న ముద్ద ఒక పళ్లెంలో పెట్టి, ఆకుకూర వేసి తెచ్చింది. పళ్లెం ఒక్కటే. ఇద్దరూ ఆ గుమ్మంలోనే తిన్నారు. వస్తానని చెప్పడానికి యమునకు నోరు రాలేదట, ముప్పై ఆరేళ్ల అలవాటు. కళ్లు మూసుకుని చెప్పేసింది. గ్రేస్ కుళాయి దాకా సాగనంపింది.

ఇదంతా నిన్న ఆదివారం యమున ఫోన్లో చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. గండం గడిచింది, ఇక నీకు దిగుల్లేదు అన్నాను. ఆ మాటతో ఫోను పెట్టేసి ఉంటే బాగుండేది.

"ఇంకోటున్నాదే" అంది యమున. "తింటన్నప్పుడు గ్రేస్ నీ గురించి అడిగింది. రోజూ ఫోన్లో మాటాడతావే మీ ఊరి స్నేహితురాలు, ఆవిడ మీ ఇంట్లో తింటాదా అని."

"ఏటన్నావు?" అన్నాను.

"ఎందుకు తినదు, తింటాది అన్నాను. అబద్ధమే అనుకో. మా దుర్గ మంచిదే, నిజం సెప్తే గ్రేస్ నిన్ను తప్పుగా అనుకుంటాదని అలా సెప్పీసేను. ఏటీ అనుకోకు."

పదకొండేళ్లు. స్కూల్లో నా క్యారేజీ తనకి పెట్టాను, తను తెచ్చింది మాత్రం ఒకరోజు శుక్రవారమని, ఒకరోజు కడుపులో బాలేదని తప్పించుకున్నాను. వాళ్లింటికి వెళ్తే దానమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చేది. ఇప్పుడే తాగొచ్చానమ్మా అనేదాన్ని, ప్రతిసారీ. యమున ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. గమనించలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.