తమ్ముణ్ని అడగకుండ నేను చెప్పిన జవాబు

ఆ ఆదివారం తమ్ముడు క్యాంపస్ హాస్టల్ నుంచి తార్నాకల మా ఫ్లాట్‌కు అన్నానికి వచ్చిండు. మెడ తడుముకుంట, "అక్కా, గీడ గడ్డ తగుల్తున్నది" అన్నడు. "హాస్టల్ నీళ్లు పడలేదురా, సర్దుకుంటది" అని పప్పు వడ్డించిన. అన్నీ నాకే తెలుసనుకునే రోగం నాకు ముందునుంచే ఉన్నది. అమ్మానాన్న పోయినంక వాణ్ని సాకింది నేనే. కెమిస్ట్రీల పీహెచ్‌డీ చేస్తున్నా నా కండ్లకు వాడు మూడో తరగతి పోరడే.

నెల రోజులల్ల గడ్డ నిమ్మకాయంత అయింది. బయాప్సీ, పెట్ స్కాన్ అయినంక డాక్టర్ చెప్పిండు. "హాడ్జ్‌కిన్ లింఫోమా. ముందు కీమో, తర్వాత మెడకు రేడియేషన్. నయమయ్యే రకమే, పరేషాన్ కాకండి."

తయారీకే పది రోజులు పట్టింది. గుండెకు ఎకో, ఊపిరితిత్తులకు ఊదే పరీక్ష, నోట్ల రెండు పుచ్చిపండ్లు పీకించుడు, మందు ఎక్కించేందుకు చేతికి పిక్ లైన్ గొట్టం. కాగితాల సంచి పట్టుకొని నేనే ముందు నడిచేది. డాక్టర్ వాణ్ని అడిగినా జవాబు నేనే చెప్పేది.

వాడు ఎకోకు లోపలికి పోయినప్పుడు డాక్టర్ నన్ను పిలిచిండు. "ఈ కీమోతో ముందుముందు పిల్లలు పుట్టకపోవచ్చు. మొదలుపెట్టకముందే స్పెర్మ్ బ్యాంకింగ్, అంటే వీర్యం తీసి భద్రపరచడం, చేయించుకోవచ్చు, రెండు మూడు రోజుల పని. ఆయన్ని అడిగి రేపు చెప్పండి."

నాకు తల కొట్టేసినట్టయింది. తమ్మునితోని ఆ మాట ఎట్ల తీయాలె? గడ్డేమో పెరుగుతున్నది. ప్రాణం దక్కితే చాలదా అనుకున్న. తెల్లారి పోయి, "అడిగిన సార్, వద్దంటున్నడు" అన్న. పచ్చి అబద్ధం. నోరు తడబడనన్న లేదు. వీర్యం దాచుడు వద్దన్నట్టు ఫారం వస్తే "గీడ పెట్టురా" అని వేలు చూపించిన. ల్యాబ్‌ల సీసా మీద ఒక్క అక్షరం వదలకుండ చదివేటోడు, అక్క చూపించిందని చదవకుండనే సంతకం పెట్టిండు.

ఆర్నెల్ల కీమో. జుట్టు ఊడింది, నోరంత పుండ్లు. నడుమ తెల్లకణాల కౌంట్ పడిపోయి జ్వరంతోని వారం అడ్మిట్ అయిండు. తర్వాత రేడియేషన్‌కు తల కదలకుండ మాస్క్ చేసిన్రు. స్కాన్ క్లియర్ అన్ననాడు నన్ను పట్టుకొని, "నువ్వు లేకుంటే నేను లేనక్కా" అన్నడు. నాకు భూమిలకు పోవాలనిపించింది.

రెండేండ్లకు, ల్యాబ్‌ల తనతోటి అమ్మాయిని చేసుకుంటనన్నడు. ఇంక దాస్తే పాపం అనుకొని, క్యాంపస్ రోడ్డు మీద నడుస్తనే అంతా చెప్పిన.

"నేను గూడ వద్దనేవాణ్నేమో అక్కా. కానీ అడగాలె కదా" అన్నడు.

టెస్టు చేయించుకుంటే వీర్యకణాల కౌంట్ సున్నా. "కొందరికి ఏండ్ల తర్వాత తిరిగొస్తది. గ్యారంటీ ఇయ్యలేం" అన్నడు డాక్టర్. తమ్ముడు ఆ అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ఆమె ఆలోచించుకునేందుకు నెల అడిగి, సరే అన్నది. పెండ్లి అయింది. ఇద్దరూ ఆదివారాలు మా ఇంటికి వస్తరు. కానీ వాడిప్పుడు చిన్న సంగతి గూడ నన్ను అడగడు. అడగమనే హక్కు నాకు లేదు.

మీ ఇంట్ల ఎవరికైనా కీమో మొదలయితుంటే, పిల్లల సంగతి ముందే డాక్టర్‌ను అడగండి. పేషెంట్‌ను పక్కన కూసోబెట్టుకొని అడగండి. సిగ్గయితే మీరు బయటికి పోండి.

మొన్న మరదలు ఊర్ల లేకపోతే చెకప్‌కు నేను తోడు పోయిన. డాక్టర్ పాత అలవాటుకొద్ది నా దిక్కు చూసి, "ఎట్లున్నడమ్మా, నిద్ర పడుతున్నదా?" అన్నడు.

"నాకేం ఎరుక సార్, వాణ్నే అడగండి" అన్న.