స్పెయిన్ రాజుకి కుంకుమబొట్టు

చూడగానే ఆ నాణెం నకిలీ అని చెప్పేశాడట, కాకినాడ నిపుణుడు! అంచు చూడలేదు, తూకం వేయలేదు, నీళ్ళలో ముంచలేదు. ఒక పక్క బొమ్మ అరిగిపోయింది, రెండో పక్క కొత్తదానిలా ఉంది, కాబట్టి రెండు ముక్కలు తెచ్చి అతికించారని తేల్చేశాడట. అలా అతికించేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ అనుమానం వచ్చిన చోట మన పని మొదలవ్వాలి. ఆయన అక్కడితో ముగించేశాడు. ఆ ఒక్క మాటతో పాలకొల్లులో ఒకావిడ దొంగ అయిపోయింది.

ఇది 2006 మాట. నేను వైజాగ్‌లో పుట్టి పెరిగినదాన్ని. డిగ్రీ అవగానే రాజమండ్రి మెయిన్‌రోడ్డులో మా మావయ్య నడిపే పాత నాణేల కొట్లో చేరాను. నాణెం ఏ దేశానిది, అసలుదా కాదా, ఎంత చేస్తుంది అని చూసి కాగితం రాసివ్వడం మా పని.

ఒకరోజు పొద్దున్నే పాలకొల్లు నుంచి బట్టల వ్యాపారి వీర్రాజు గారు వచ్చారు. వెనకాలే ఆయన తమ్ముడి భార్య సత్యవతి గారు. ఆయన చేతిరుమాలు విప్పి నాణెం బల్లమీద పెట్టారు.

"మా తాతలనాటి లక్ష్మీరూపండి. పూజపెట్టెలో ఉంటుంది. మొన్న కాకినాడలో నాణేల ప్రదర్శనకి పట్టుకెళ్తే, అక్కడి నిపుణుడు నకిలీ అన్నాడు. మరి అసలుది ఏమైందో తెలియాలి కదండీ?"

"పెట్టె తాళం పదిహేనేళ్ళుగా నా దగ్గరే ఉందండి," అన్నారు సత్యవతి గారు. "అందుకని నేనే మార్చేశానంటున్నారు."

"అనలేదమ్మా. అనుమానం అన్నాను."

"ఆ అనుమానం వీధంతా చెప్పారు కదా బావగారూ." ఆవిడ నావైపు తిరిగారు. "మీరు కూడా నకిలీ అంటే, నేనింక ఆ పూజగదిలో అడుగు పెట్టలేనమ్మా."

"ముందు ఆ ఫోను కింద పెట్టవే," అన్నాడు మావయ్య, నా చేతిలో ఫోను చూసి. పెట్టాను.

అది ఎయిట్ రియాల్స్. స్పెయిన్ రాజ్యం మెక్సికోలో కొట్టించిన పెద్ద వెండినాణెం. నరసాపురం రేవులో బట్టలు కొన్న ఓడలవాళ్ళు ఇలాంటివే ఇచ్చేవారు. ఒకవైపు రాజు మొహం, రెండోవైపు రెండు స్తంభాల మధ్య డాలు. డాలువైపు గీతలన్నీ పదునుగా ఉన్నాయి. రాజు మొహం మాత్రం అరిగి ముద్దయిపోయింది. ఒకే నాణెం ఒకవైపే అంతలా ఎందుకు అరుగుతుంది? ఆ నిపుణుడికి వచ్చిన అనుమానం నాకూ వచ్చింది.

నేను ముందు అంచు చూశాను. మావాళ్ళు ఎడ్జ్ అంటారు. రెండు ముక్కలు అతికిస్తే ఎక్కడో ఒకచోట వెంట్రుకంత గీత దొరకాలి. భూతద్దం పెట్టి చుట్టూ తిప్పాను. గీత లేదు. ఒక సున్నా, ఒక పెట్టె, మళ్ళీ సున్నా, మళ్ళీ పెట్టె, చుట్టూ అదే నగిషీ. ఒకచోట మాత్రం సున్నా మీద సున్నా పడి గజిబిజిగా ఉంది. సరిగ్గా దానికి ఎదురుగా ఇంకోచోట కూడా అంతే.

వీర్రాజు గారు వంగి చూసి, "అదుగో, అతుకు!" అన్నారు.

"అతుకు కాదండీ, పుట్టుమచ్చ."

ఆ నగిషీని రెండు ఇనపబద్దల మధ్య నాణేన్ని దొర్లించి వేసేవారు. ఒక్కో బద్ద సగం చుట్టు ముద్రిస్తుంది. రెండు సగాలూ కలిసే చోట కాస్త ఒకదానిమీద ఒకటి పడుతుంది. దాన్నే ఓవర్‌ల్యాప్ అంటాం. నకిలీ చేసేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. శుభ్రంగా, ఎక్కడా తప్పు లేకుండా చేస్తారు, అక్కడే దొరికిపోతారు.

ఆయనకి భూతద్దంలో ఏమీ ఆనలేదు. నా ఫోను కెమెరాకి భూతద్దం అడ్డుపెట్టి ఫోటో తీసి, పెద్దది చేసి చూపించాను.

"ఫోనులో అయితే బాగా కనపడుతోందేంటి!" అన్నారు.

"అందుకే కింద పెట్టనండి," అన్నాను మావయ్య వైపు చూస్తూ.

తర్వాత స్పెసిఫిక్ గ్రావిటీ. అంటే మామూలుగా ఒకసారి, దారంకట్టి నీళ్ళలో వేలాడదీసి ఒకసారి తూచడం. బయట ఇరవయ్యారు గ్రాముల పైచిలుకు ఉంది. నీళ్ళలో తగ్గిన బరువుతో దాన్ని భాగిస్తే పది పాయింట్ మూడు వచ్చింది. కాస్త రాగి కలిసిన వెండి లెక్క అదే.

"అసలుదేనండి," అన్నాను.

"సరే, అసలుదే అనుకోండి. కానీ ఇది మాదే అని ఏంటి? ఇలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టుండొచ్చుగా?"

నాకు తిక్కరేగింది. కానీ ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది, మొహం ఎందుకరిగిందో నేనింకా తేల్చలేదు. సత్యవతి గారిని అడిగాను. "దీన్ని మీరు రోజూ ఏం చేస్తారండి?"

"గురువారం చింతపండుతో తోముతాను. శుక్రవారం తమలపాకు మీద పెట్టి, అమ్మవారి మొహానికి కుంకుమబొట్టు పెడతాను. మా అత్తగారూ అంతే, వాళ్ళ అత్తగారూ అంతేనట."

"వెనకవైపు తోమరా?"

"లక్ష్మీదేవిని బోర్లించకూడదు కదమ్మా. చేతిలో పట్టుకుని మొహమే తోముతాం."

మళ్ళీ భూతద్దం తీశాను. రాజుగారి చెవి పక్కన, అక్షరాల సందుల్లో నల్లబడిన ఎర్రటి పొడి గట్టిగా పట్టేసి ఉంది. ఎన్ని తరాల కుంకుమో! డాలువైపు ఒక్క రేణువు లేదు. ఇలాంటి అరుగుదల బజార్లో కొనుక్కొస్తే దొరకదు.

"ఇది మీ ఇంటిదేనండి. కాకపోతే ఈయన లక్ష్మీదేవి కాదు, స్పెయిన్ రాజు."

మావయ్యకి టీ పొలమారింది. సత్యవతి గారు మాత్రం తొణకలేదు. "పోన్లెండి, ఆయనకీ మా ఇంటి బొట్టు రాసిపెట్టి ఉంది," అన్నారు.

వీర్రాజు గారు నాణెం మీదికి వంగారు. "మా అమ్మ కూడా మొహమే తోమేది," అన్నారు.

కాగితం రాశాను. తోమిన నాణేనికి ధర తగ్గుతుంది, అది కూడా దాచకుండా రాశాను. అరుగుదలకి కారణం కుంకుమ, చింతపండు అని రాయడం నా వృత్తిలో అదే మొదటిసారి. అప్పటినుంచి ఏ నాణెం వచ్చినా ముందు అంచు చూస్తాను. ఆ తర్వాత, ఇంట్లో దాన్ని ఎవరు ముట్టుకుంటారో పిలిచి అడుగుతాను. ఈ రెండూ ఆరోజు నేర్చుకున్నవే, గర్వంగానే చెప్పుకుంటాను.

వీర్రాజు గారు నాణెం కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. సత్యవతి గారి చేతిలో పెట్టాను.

"ఆవిడతో ఒక మాట చెప్పి వెళ్ళండి."

"అయిపోయిందిగా అమ్మాయ్, ఇంటికెళ్ళాక..."

"వీధంతా చెప్పారు కదండీ. ఇక్కడ వినేది మేం ముగ్గురమే."

ఆయన మొహం ఎర్రబడింది. కండువా సర్దుకున్నారు. "పొరపాటు పడ్డానమ్మా సత్యవతీ. పెట్టె తాళం నీ దగ్గరే ఉండనీ," అన్నారు.

వాళ్ళు మెట్లు దిగగానే మావయ్య అందుకున్నాడు. "బేరానికొచ్చినవాళ్ళతో ఇలాగేనా మాట్లాడేది? నాణెం సంగతి చెప్పడమే మన పని. వాళ్ళింటి గొడవలు నీకెందుకే?" ఇప్పటికీ అదే అంటాడు. నేను మాత్రం ఒప్పుకోను. నాణెం నకిలీ అన్న మాటతోనే కదా ఆవిడ మీద దొంగ ముద్ర పడింది? అసలుదని తేల్చినవాళ్ళం, ఆ ముద్ర తీయించకుండా ఎలా పంపిస్తాం? తప్పంటారా? అయితే నా మొహం మీద కాదు, సత్యవతి గారి మొహం చూసి అనగలరా?