చాచా తీసిన తరుగు

నాన్న ఉత్తరంలో మొదట వానల సంగతి, తర్వాత పత్తి ధర, ఆ తర్వాత చెల్లెలి పరీక్షలు. అట్టడుగున, చోటు చాలక ఇరికించిన ఒక్క వాక్యం: పక్కింటి చాచా శుక్రవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయినాడు. అంత బరువైన సంగతిని అంత సన్న అక్షరాల్లో రాయవచ్చని నాకు తెలియదు. చాచా చూసి ఉంటే ఊరుకునేవాడు కాదు. బరువు విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ.

ఆయన ఆదోని పత్తి మండీలో కాటా వేసేవాడు. దుంగల మధ్య వేలాడే పెద్ద తక్కెడ, ఒక పళ్ళెంలో తూకపు రాళ్ళు, రెండో దాంట్లో పత్తి బస్తా. పళ్ళెం ఊగడం ఆగేవరకు ఎవరూ నోరు విప్పకూడదు. ఆగాక, గోనెసంచికి ఇంత, తేమకు ఇంత అని తీసేసి, మిగిలింది గొంతెత్తి చెప్పేవాడు. ఆ తీసేసేదే తరుగు. తుగ్గలి రైతులు, చిప్పగిరి రైతులు తరుగు దగ్గర ఆయనతో పోట్లాడి, మళ్ళీ ఆయన పక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళు.

ఇక నా సంగతి. డిగ్రీ పూర్తి కాగానే, దేశరక్షణ భారం కొంత నా భుజాన వేసుకుందామని వైమానిక దళానికి దరఖాస్తు పెట్టాను. రాతపరీక్ష నెగ్గాను. వైద్యపరీక్షలో దేశం నన్ను వద్దంది. బరువు చాలలేదట. వయసు దాటేలోగా ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే, నాన్న పనిచేసే జిన్నింగు మిల్లులో గుమాస్తా కుర్చీ ఒకటి నాకోసం కాచుకుని ఉంది.

సంగతి గోడ దాటి చాచా చెవిన పడింది.

"ఏమప్పా, విమానాల పటాలమోళ్ళు తూకం సాలదని ఎనక్కి పంపినారంట?"

"అవును చాచా. గాలికి కొట్టుకుపోతానని భయపడినట్టుండారు."

"నగొద్దు. ఆదివారం మండీకి రా. నేను సరేనన్నంక పో. అప్పుడు గూడా తిప్పి పంపితే పోయేది నీ పరువు గాదు, నా కాటా పరువు."

అట్లా ప్రతి ఆదివారం, మండీ సెలవునాడు, ఎమ్మిగనూరు తువ్వాలు చుట్టుకుని బస్తా కూర్చునే చోట నేను కూర్చునేవాణ్ణి. కదిలితే కసిరేవాడు. పళ్ళెం నిలిచాక రాళ్ళు చూసి పెదవి విరిచేవాడు.

"వస్తా వస్తా నీళ్ళు తాగినావా?"

"తాగినా."

"అయితే తేమ. ఇంగ తువ్వాలు."

"దాన్ని గూడా తీసేస్తావా చాచా?"

"ఎమ్మిగనూరు నేతప్పా, గట్టి సరుకు. తీసేయకుంటే ఎట్ల?"

"మరి తలకాయలో సదువుంది గదా, దానికేమన్నా కలుపు."

"అది తేమలోనే పోయింది."

తరుగు పోగా నేనెప్పుడూ తక్కువే. ఆ లోటు పూడ్చడానికి రెండిళ్ళూ నడుం కట్టాయి. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం అమ్మ చేసిన జొన్నరొట్టె మీద వెన్నముద్ద. గోడ దూకితే చాచీ చేతి పాయా. "తిను నాయనా, మీ చాచా మళ్ళా కోస్తాడు" అని ఇంకో గరిటె వేసేది. మనిషికి తరుగేమిటని డిగ్రీ చదివిన నేనూ అడగలేదు, మిల్లు లెక్కలు రాసే నాన్నా అడగలేదు. ఆదోనిలో పుట్టినవాళ్ళకు తరుగు తీయనిది తూకమే కాదు.

ఒక ఆదివారం చాచా రాళ్ళను రెండుసార్లు చూసి, "సరే, పో" అన్నాడు.

ఈసారి వైద్యపరీక్షలో డాక్టరు నన్ను యంత్రం మీద నిలబెట్టి, బరువు చాలినంత ఉంది, పైగా మిగిలింది కూడా అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. "తరుగు తీశారా సార్?" అని అడిగాను. ఆ తర్వాత ఆయన నా చెవులను కొంచెం ఎక్కువ శ్రద్ధగా పరీక్షించాడు. ఏమైతేనేం, నన్ను తీసుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే చాచా నిజంగానే జాలిపడ్డాడు. "తరుగే తీయలేదా? పాపం, మోసపోయినారప్పా."

శిక్షణ ముగించుకుని మొదటి సెలవుకు వచ్చినప్పుడు యూనిఫారంలోనే మండీకి పోయాను. ఆ గుడ్డ కింద ఉన్న మనిషిలో సగం ఆ రెండు వంటిళ్ళదే. కాటా జోరుగా సాగుతోంది. చాచా నన్ను ఎగాదిగా చూసి, చాలా రోజులుగా దాచుకున్న సందేహం బయటపెట్టాడు.

"విమానాన్ని గూడా తూస్తారా?"

"తూస్తారు చాచా, చక్రాల కింద కాటాలు పెట్టి."

"తరుగు?"

"తీస్తారు. లోపల పెట్రోలుంటే దాని బరువు తీసేసి రాస్తారు."

చాచా రైతుల వైపు తిరిగాడు. "ఇన్నారా? విమానానికే తీస్తారంట. మీ బస్తా ఏపాటిది?"

తర్వాత నన్ను కాటా ఎక్కమన్నాడు. అలవాటు కొద్దీ బూట్లు విప్పబోయాను. "ఉండనీ" అన్నాడు. టోపీ, బెల్టు, బూట్లతో సహా కూర్చున్నాను. మండీ అంతా నోరు మూసుకుంది. పళ్ళెం నిలిచింది. చాచా రాళ్ళు చూసి, తూగింది తూగినట్టే గొంతెత్తి చెప్పాడు.

"దీనికి తరుగు లేదు" అన్నాడు.

నేను దిగాను. మామూలుగా అయితే ఖాళీ పళ్ళేన్ని అరచేత్తో ఆపి, తర్వాతి బస్తా వేయించేవాడు. ఆరోజు చెయ్యి ఎత్తలేదు. తర్వాతి వంతు వచ్చిన తుగ్గలి రైతు బస్తా ఎత్తుకుని నిలబడే ఉన్నాడు. చాచా నన్నే చూస్తున్నాడు. ఆయన వెనకాల పళ్ళెం ఊగుతూనే ఉంది.