బొందు కట్టిన కెమెరా

1994 మే నెల. మేము ఢిల్లీ సాకేత్‌లో ఒక మూడో అంతస్తు వాటాలో అద్దెకుండేవాళ్ళం. నా పని భవనాలకు ఫోటోలు తీయడం. ఆ మాట చెబితే మా తెనాలి చుట్టాలకు నవ్వు. "గోడలు కదలవు కదయ్యా, వాటికి ఫోటోగ్రాఫరెందుకు, ఎవరు తీసినా వస్తాయి" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. గోడ కదలదు, నిజమే. ఎండ కదులుతుంది, గాలి కదులుతుంది, వీటి మధ్య నిలబడ్డవాడి పాట్లు వాళ్ళకేం తెలుసు?

నా కెమెరా లార్జ్ ఫార్మాట్ కెమెరా. మూడు కాళ్ళ స్టాండు మీద అకార్డియన్‌లాంటి తిత్తితో నిలబడే పాతకాలపు రకం. ఇందులో ఫిల్ము చుట్ట ఉండదు. అరచేయంత షీట్లు ఒక్కొక్కటిగా పెట్టి తీయాలి. వెనకవైపు గ్రౌండ్ గ్లాస్ అని ఒక గరుకుటద్దం ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన బొమ్మ దాని మీద తలకిందులుగా పడుతుంది. దాన్ని చూసి ఫోకస్ చేసుకోవాలి. బయటి వెలుతురు తగిలితే ఆ బొమ్మ కనపడదు, అందుకే నల్లగుడ్డ కప్పుకుని అందులో తలదూర్చి చూస్తాం. చలికాలంలో ఆ గుడ్డంత హాయి ఇంకోటి లేదు. ఢిల్లీ మే నెలలో మాత్రం అది శిక్షే.

ఆ మేలో మాధవి అనే కుర్ర ఆర్కిటెక్టు వచ్చింది. అమ్మానాన్నలది వరంగల్, తను పుట్టిపెరిగింది ఢిల్లీలో. మనం తెలుగులో మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం హిందీలోనే. నాకు నలభై దాటాయో లేదో, మొదటి రోజే అంకుల్‌ని చేసేసింది. పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి ఫరీదాబాద్‌లో సొంతంగా ఒక చిన్న బడి కట్టింది. ముందు గోడంతా ఎర్ర ఇటుకల జాలీ, మధ్యమధ్య సందులు వదిలి పేర్చిన అల్లిక. సాయంత్రపు ఎండ దాని మీద పడితే వరండా నిండా చుక్కల ముగ్గు వేసినట్టుండేది.

చిక్కేమిటంటే, సరిగ్గా ఆ గోడ ముందు కరెంటు వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టబోతున్నారు. గుంతలు తవ్వేశారు, స్తంభాలు తెచ్చి పక్కన పడేశారు. సోమవారం పొద్దున వచ్చి నిలబెడతామన్నారు. మాధవి ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, ఏమీ కాలేదు. కొత్త ఆర్కిటెక్టుల ప్రదర్శన ఒకటి రాబోతోంది. అందులో ఈ బడి ఫోటో పెడితేనే తనకు ఇంకో పని దొరికే ఆశ. "మై బిల్డింగ్ ఉఠాకే తో నహీ దిఖా సక్తీ నా, అంకుల్" అంది. భవనాన్ని ఎత్తుకెళ్ళి చూపించలేదు కదా, పాపం.

శనివారం సాయంత్రం వెళ్ళాను. వడగాలి. గుడ్డ కప్పుకోగానే నా మెడకు చుట్టుకుంది, విప్పుకుంటే చెంప మీద కొట్టింది, చివరికి ఎగిరిపోయి గేటు పక్క వేపచెట్టుకు తగులుకుంది. చౌకీదారు రామ్‌ఫల్ కర్రతో దింపి ఇచ్చాడు. ఎత్తైన గోడ నిటారుగా రావాలంటే కెమెరా వంచకుండా లెన్సును మాత్రం పైకి జరపాలి. దాన్ని రైజ్ అంటాం. అలా జరిపితే అద్దం మూలలు బాగా మసకబారతాయి, చిమ్మచీకటి ఉంటేనే కనపడతాయి. ఆ గాలిలో నేను చూసింది సగం, ఊహించుకున్నది సగం. ఇంటికొచ్చి ఫిల్ము కడిగి చూస్తే జాలీ పైభాగమంతా అలుక్కుపోయింది.

మాధవికి ఫోన్ చేసి చెప్పాను. "ఠీక్ హై అంకుల్, కల్ కా దిన్ హై నా" అని మెల్లగా అంది, రేపొక్కరోజుంది కదా అని. తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనానికి నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున్నే మిక్సీ అట్టపెట్టె కోసి, లోపల నల్లకాగితం అంటించి, ఒక వ్యూయింగ్ హుడ్ తయారుచేయబోయాను. కెమెరా వెనక తగిలించుకుని తల పెట్టి చూసే ముసుగన్నమాట. విదేశాల్లో రెడీమేడ్‌గా దొరుకుతుందని విన్నాను. మా ఆవిడ సుగుణ బళ్ళో లెక్కల టీచరు. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, పెట్టెలోంచి బయటికొస్తే కాఫీ తాగుదురుగాని."

"నీకు వేళాకోళంగా ఉంది. హుడ్ చేస్తున్నాను."

"ఈ అట్ట ఆ గాలికి నిలుస్తుందా? గాలిపటంలా మిమ్మల్ని కూడా తీసుకుపోతుంది. పేరు సంగతి అలా ఉంచండి, అది ఏం చెయ్యాలో చెప్పండి."

చెప్పాను. కెమెరా చుట్టూ బిగుసుకోవాలి. తల పట్టేంత వెడల్పు ఉండాలి. లోపల నలుపు, వెలుతురు రాకుండా. బయట తెలుపైతే ఎండ లాగదు. ఆవిడ లోపలికెళ్ళి, రెండు లంగాలు చేతి మీద వేసుకుని వచ్చింది. చీర కింద కట్టుకునేవి. ఒకటి నల్లది, ఒకటి తెల్లది.

"ఇదుగోండి. బిగించుకోడానికి బొందు కూడా ఉంది."

"నలుగురిలో నన్ను లంగాలో తల పెట్టమంటావా?"

"నలుగురికీ మీరెందుకు చెప్తారు?"

మిషను మీద ఒకదానిలో ఒకటి పెట్టి కుట్టింది. తెల్లదాని అంచుకు లేసుంది. తీసెయ్యమంటే "అది తీస్తే అంచు ఊడిపోతుంది, ఉండనివ్వండి, మీకు బాగుంటుంది" అంది. లంగాకు బొందు దగ్గర పక్కగా చీలిక ఉంటుంది కదా, అందులోంచి వెలుతురు వస్తోందని దాన్ని నేనే దగ్గరుండి గట్టిగా కుట్టించాను. బాల్కనీలో కెమెరాకు బొందు కట్టి తలదూర్చాను. ఎదురింటి డాబా మీది నీళ్ళ టాంకులు తలకిందులుగా, మూలమూలలా తళతళా కనిపించాయి. నా సంతోషం చెప్పలేను. లంగాలోంచే కేకేసి కాఫీ అడిగాను.

మధ్యాహ్నం మాధవి తన మారుతిలో వచ్చి ఎక్కించుకుంది. సుగుణ కూడా చీర మార్చుకుని సిద్ధమైంది. "నువ్వెందుకు?" అంటే, "నా లంగా ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే" అంది. మాధవికి వినపడిందో లేదోనని నా భయం.

గాలి నిన్నటిలాగే ఉంది. హుడ్ మాత్రం కదల్లేదు. లోపల చీకటి, ఆ చీకట్లో ఎర్రగోడ. జాలీలో ఒక్కొక్క ఇటుకా లెక్కపెట్టేలా ఉంది. ఇంతలో బయట మాధవి గొంతు.

"ఆంటీ, యే... పేటీకోట్ హై క్యా?"

సుగుణ ఏమీ దాచకుండా "అవునమ్మా, నాదే" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. రామ్‌ఫల్ కూడా మర్యాదగా అటు తిరిగి నవ్వుతున్నట్టు వినపడింది. లోపలున్న నాకు చెవులు కాలిపోయాయి. బయటికి రావడానికి మొహం చెల్లక ఇంకాసేపు ఫోకస్ చేశాను.

అసలు కథ అప్పుడు మొదలైంది. ఫోకస్ అయ్యాక ఫిల్ము హోల్డర్, అంటే షీటు ఉండే పలచటి పెట్టె, గ్రౌండ్ గ్లాస్‌కు ముందు పక్కనుంచి దూర్చాలి. ఆ పక్కంతా లంగా కప్పేసింది. బొందు విప్పి దూర్చబోతే ఆ లాగుడికి కెమెరా కదిలి ఫోకస్ పోయింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ చూశాను, మళ్ళీ విప్పాను, మళ్ళీ కదిలింది. పొద్దున బాల్కనీలో హోల్డర్ పెట్టి చూసుకోవాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. ఎండ జాలీ మీదికి వచ్చేసింది, వరండాలో చుక్కలు మొదలయ్యాయి. అవి నిలిచేది కాసేపే. మాధవి నవ్వు ఆగిపోయింది. పక్కన పడున్న స్తంభాల వంక చూస్తూ నిలబడింది.

సుగుణ దగ్గరికొచ్చింది. "ఆ పెట్టె ఎటునుంచి దూరాలి?"

"ఇటునుంచి."

లంగాను బొందు మీద కొంచెం తిప్పి, పొద్దున కుట్టిన చీలికను సరిగ్గా అక్కడికి తెచ్చింది. వంగి కుట్టుదారం పళ్ళతో పుటుక్కున కొరికేసింది. రెండు అంచులూ బొందు మీద పక్కకు జరిపింది. కిటికీ తెరిచినట్టు తెరుచుకుంది. గాజులకున్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది.

"చూసేటప్పుడు పెట్టుకోండి, పెట్టె దూర్చేటప్పుడు తియ్యండి. మేము రోజూ చేసే పనే ఇది."

పిన్నీసు పెట్టి ఆఖరిసారి ఫోకస్ చేశాను. కెమెరా వెంట్రుకవాసి కదల్లేదు. తీయబోయే ముందు ఎందుకో మాధవిని పిలిచాను. "ఒక్కసారి చూడమ్మా." లేసు పైకెత్తి తలదూర్చింది. అంతవరకూ కళ్ళు చికిలించుకుని ఎండలో తప్పులే వెతుక్కున్న పిల్ల, చీకట్లో తన గోడనొక్కదాన్నే చూసింది. చాలాసేపు బయటికి రాలేదు.

"బాగుంది అంకుల్" అంది లోపల్నుంచే. "నా బడి చాలా బాగుంది."

ఆ పిల్ల నోట తెలుగు వినడం నాకదే మొదలు. బయటికొచ్చాక కళ్ళు తుడుచుకుంది, మాకూ కళ్ళు చెమర్చాయి. పిన్నీసు తీశాను, హోల్డర్ దూర్చాను, తెచ్చిన షీట్లన్నీ తీసేశాను. చుక్కలు వరండా దాటేసరికి పని అయిపోయింది.

సోమవారం అన్నట్టుగానే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఇప్పటికీ ఆ గోడ ముందు గుర్రుమంటూనే ఉంది. ప్రదర్శనలో మాత్రం ఆ గోడ నిలువెత్తున, ఏ అడ్డూ లేకుండా నిలబడింది. ఇదెవరు కట్టారని అడిగి వచ్చినవాళ్ళలో ఒకరు మాధవికి రెండో పని ఇచ్చారు.

నేను వెతికింది హుడ్ అనే వస్తువును. సుగుణ అడిగింది అది చేయాల్సిన పనిని. అప్పట్నుంచి పనిలో ఎక్కడ చిక్కుపడ్డా వస్తువు పేరు పక్కనపెట్టి, అది ఏం చెయ్యాలో పైకి చెప్పుకుంటాను, వీలైతే ఆవిడకు వినపడేలా.

కొన్నేళ్ళకు ఒక మిత్రుడు విదేశాల నుంచి అసలైన వ్యూయింగ్ హుడ్ తెచ్చిపెట్టాడు. మంచి గుడ్డ, చక్కటి కుట్టు. సుగుణ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కన చీలిక కోసం వెతికింది. ఎక్కడా లేదు.

"పాపం" అంది, మడతపెట్టి నాకిచ్చేస్తూ. "ఇది కుట్టినవాళ్ళింట్లో ఎవరూ లంగా కట్టుకోరనుకుంటా."