ఎల్బీనగర్ రోడ్డు మీద రాజోలు పళ్లేలు

పెళ్లికి పిలిస్తే అరుణమ్మ తన స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకుని వెళ్లేది. "గీమెకు మన గ్లాసులు పనికిరావా?" అని చుట్టాలు మూతి తిప్పినా మానలేదు. సరూర్‌నగర్ పాత ఊళ్లో, చెరువుకు దగ్గరలో ఆమె ఇల్లు. ఫంక్షన్ హాళ్లలో మనం తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు తొలి వానకు నాలాలో పడి ఎక్కడికి చేరతాయో మనకు పట్టదు. ఆమెకు వాకిట్లోంచే కనపడేవి.

రెండు వేల పదకొండులో ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడమే నిరసన. ఉద్యమ కమిటీ పెద్ద మల్లేశం ముందురోజు థర్మాకోల్ పళ్లేల కట్టలు దింపిస్తుంటే అరుణమ్మ అడ్డం నిలబడింది.

"మన నీళ్లు మనకు గావాలని గొంతు చించుకుంటున్నం. తిన్నంక గివన్నీ మన చెరువుల్నే గదరా పడేది?"

"గింతమందికి స్టీలు పళ్లేలు ఏడికెల్లి తెస్తవ్ పెద్దమ్మా?"

ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. ఆమె ఇంట్లోనే, పైవాటాలో. అక్కడ కిరాయికుండే సూర్యప్రభ, సాంబమూర్తి దంపతులది తూర్పుగోదావరి. తల్లి తిరుపతమ్మ పోయాక, కార్తీక వనభోజనాలకు పనికొస్తాయని సూర్యప్రభ రెండు ట్రంకుపెట్టెల నిండా పళ్లేలు కొంది. ప్రతిదాని మీదా తల్లి పేరు, ఊరు చెక్కించింది.

ఆ రోజుల్లో కిందివాటా, పైవాటా ఉద్యమం మాట ఎత్తేవి కావు. కూరగిన్నెలు మాత్రం మెట్లెక్కి దిగుతుండేవి. ఇప్పుడు అడిగితే ఆ కాస్తా పోతుందేమో. అయినా ఎక్కి అడిగింది.

"రాష్ట్రం చీలుస్తామనేవాళ్లకి మా అత్తగారి పళ్లేలా?" సాంబమూర్తి పేపరు విసురుగా మడిచాడు.

"వదినగారూ, అమ్మ పేరున్నవండీ అవి. రోడ్డు మీద పోతే..." అంది సూర్యప్రభ.

"ఒక్కటి గూడ పోనియ్య వదినా. అన్నీ కడిగి నీ చేతుల పెడ్త."

సూర్యప్రభ భర్త వైపు చూడకుండా తాళంచెవి ఇచ్చేసింది.

మర్నాడు చౌరస్తాలో అన్నం, పప్పుచారు వడ్డించారు. తినేకొద్దీ పళ్లెం అడుగున అక్షరాలు బయటపడ్డాయి: "తిరుపతమ్మ జ్ఞాపకార్థం, రాజోలు."

"గిదేంది పెద్దమ్మా, ఆంధ్రోళ్ల పళ్లేలల్ల తినబెడ్తున్నవ్?" ఆటో నడిపే బాల్‌రాజ్ అరిచాడు.

"గా తల్లి సచ్చిపోయినంక గూడ నీకు బువ్వ పెడ్తుంది. ముయ్యి, తిను."

చుట్టూ నవ్వులు. బాల్‌రాజ్ కూడా నవ్వి, మారు అన్నం అడిగాడు.

అంతలో పోలీసు వ్యాన్లొచ్చాయి. జనం పళ్లేలు ఎక్కడివక్కడ వదిలి లేచారు. అరుణమ్మ మాత్రం తోపులాటలో దూరి, డివైడర్ మీదవీ, బండ్ల కిందవీ ఏరడం మొదలుపెట్టింది.

"నడువమ్మా! వ్యాన్ ఎక్కుతవా?" కానిస్టేబుల్ గదమాయించాడు.

"ఎక్కుత గాని, నీ బూటు కాడి పళ్లెం జర ఇటియ్యి బిడ్డా."

అతను ఒక్క క్షణం చూసి, వంగి తీసిచ్చాడు. బాల్‌రాజ్ ఆటో తెచ్చి అన్నీ ఎక్కించాడు.

సాయంత్రం వాకిట్లో అరుణమ్మ బూడిదతో తోముతుంటే సూర్యప్రభ కొంగు దోపుకుని పక్కన కూర్చుంది.

"అన్నీ దొరికినయ్ వదినా. గిదొక్కటే లారీ కింద పడ్డది." అరుణమ్మ దాన్ని ముందుకు జరిపింది. పళ్లెం మధ్యకు వంగిపోయి, పేరు సగం నలిగింది.

సూర్యప్రభ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

"మా అమ్మంతేనండీ. బతికున్నప్పుడూ లారీలకి ఎదురెళ్లే రకమే."

మెట్ల మీద చప్పుడైంది. సాంబమూర్తి బకెట్‌తో దిగాడు. "బోరు నీళ్లతో కడిగితే మరకలు పడతాయి. ఇవి కృష్ణా నీళ్లు."

"తాగే నీళ్లు గిన్ని ఎందుకన్నా? సగం సాలు."

"ఇక్కడ కూడా ఉద్యమమేనా తల్లీ!" అని గొణుక్కుంటూ ఆయన సగం నీళ్లు కిందున్న గంగాళంలో పోసి, మిగతా సగం పైకి మోసుకెళ్లాడు.