ముక్తార్ పీకేసిన గడ్డి

ముక్తార్ పన్నెండేళ్లు సౌదీలో వంట చేశాడు. బురైదా దాటాక రోడ్డు కూడా ఇసుకలో కలిసిపోయే చోట ఒక ఖర్జూరపు తోట ఉండేది. అందులోని ఇరవై మంది కూలీలకు మూడు పూటలా వండి పెట్టడం ఆయన పని. వంటగది వెనక ఏసీ నుంచి కారే నీటి చుక్కల కింద పుదీనా పెంచేవాడు. ఎడారిలో మడి ఎత్తుగా కట్టకూడదని, జానెడు లోతుకు దించాలని, మధ్యలో మట్టికుండ మూతిదాకా పాతి నీళ్లు పోస్తే తడి కొద్దికొద్దిగా వేళ్లకు అందుతుందని ఒక సూడాన్ పెద్దాయన నేర్పాడు. మధ్యాహ్నం కూలీలు తోటలోంచి వచ్చేసరికి, ఎండిన పుదీనా నలిపి కలిపిన చల్ల పెద్ద గిన్నెతో సిద్ధంగా ఉండేది. ఆ గిన్నె చుట్టూ మూగే మనుషుల్ని చూసుకోవడమే అక్కడ ఆయనకున్న సంతోషం.

నిరుడు డిసెంబరులో ఆ కొలువు వదిలి మణుగూరు వచ్చేశాడు. గని కాలనీని ఆనుకుని రేకుల ఇల్లు, వెనక చిన్న పెరడు, భార్య సైమా, తొమ్మిదో తరగతి చదివే కూతురు జెబా. దావత్‌లకు బిర్యానీ వండటానికి వెళ్లేవాడు. మిగతా రోజుల్లో ఏం చేయాలో తోచేది కాదు. వంటింట్లో అడుగు పెడితే సైమా చేతిలోని గరిటె ఇచ్చేసి బయటికి వెళ్లిపోయేది. కోపం కాదు. ఇన్నేళ్లూ ఎక్కువగా ఫోన్లోనే మాట్లాడిన మనిషి పక్కన ఎట్లా నిలబడాలో ఆమెకూ తెలియలేదు.

ఫిబ్రవరిలో తమ్ముడి బిడ్డను చూడటానికి సైమా జెబాను తీసుకుని పుట్టింటికి, పెనుబల్లి వెళ్లింది. మూడు రోజులు. ఆ లోపు పెరట్లో మడి వేసి ఆమెను మెప్పించాలనుకున్నాడు ముక్తార్. మూలన, ఆయన ఎప్పుడూ పట్టించుకోని రొమ్మెత్తు గడ్డి దుబ్బు ఒకటి అడ్డంగా కనిపించింది. పాములు చేరతాయనుకుని గడ్డపార అందుకున్నాడు. వేళ్లు బారెడు లోతుకు దిగి ఉన్నాయి. అర పూట పట్టింది. అప్పుడు ఆయనకు గట్టి జలుబు. లేకపోతే ఆ వేళ్ల వాసన ముక్కుకు తగిలేదే. దుబ్బును గోడ పక్కకు విసిరేసి, మడి దించి, కుండ పాతి, చుట్టూ పుదీనా కాడలు గుచ్చాడు.

సైమా ఊరి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"మూలకు గడ్డి ఉండాలె. ఏది?"

"పీకేసిన. పాములు వస్తయని. మడి చూడు, ఎట్లుంది?"

ఆమె మడి వైపు చూడలేదు. గోడ దగ్గరికి వెళ్లి, ఎండకు వాడిపోయిన దుబ్బు పక్కన కూర్చుని వేళ్లను ఒక్కొక్కటే దులిపి చేటలోకి ఎత్తుకుంది. "అది గడ్డి కాదు" అని మాత్రం అంది. చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బడికి వెళ్తూ జెబా చెప్పింది. "అబ్బా, అది వట్టివేరు. నువ్వు సౌదీ పోయిన మొదటి ఎండాకాలం నేను రేకుల కింద ఉడికిపోయి ఒకటే ఏడుస్తున్ననట. పెనుబల్లి తాత చూసి, కాలువ గట్టు మీదికెళ్లి తెచ్చి నాటిండు. అమ్మీ ప్రతి ఏడు ఓ పక్క తవ్వి, ఆ వేళ్లు కడిగి నీళ్ల కుండల ఏస్తది. తాత చనిపోయినంక దాన్ని ఎవ్వరినీ ముట్టనియ్యలే."

ముక్తార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఖర్జూరం కోతలు అయ్యాకే యజమాని సెలవు ఇచ్చేవాడు. కాబట్టి వచ్చినప్పుడల్లా చలికాలమే. ఈ ఇంటి ఎండాకాలం ఆయన ఒక్కటీ చూడలేదు.

ఆ పొద్దే కుండ చుట్టూ నాటిన పుదీనాను పీకి డబ్బాల్లోకి మార్చాడు. వాడిన దుబ్బులో కాస్త పచ్చి ఉన్న పిలకల్ని ఏరి, ఆకు కత్తిరించి, మడిలో పదకొండు నాటాడు. రోజూ బియ్యం కడిగిన నీళ్లు కుండలో పోశాడు. సైమా గుమ్మంలోంచి చూసి వెళ్లిపోయేది. ఐదో రోజు చెంగు నడుముకు దోపుకుని వచ్చి మడి పక్కన కూర్చుంది.

"గంత లోతు పాతితే మొలుస్తదా? మెడ పైకి ఉండాలె" అని ఒక్కొక్క పిలకనూ పైకి లాగి, మట్టి అదిమింది. ముక్తార్ నీళ్లు అందించాడు.

పదకొండింటిలో నాలుగు బతికాయి.

మే నెల వచ్చింది. గనుల వైపు నుంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొట్టేది. పుదీనా ఆకుల మీద బొగ్గు మసి పేరుకునేది. మూడు నీళ్లలో కడిగితేగాని నల్లదనం పోదు. ఒక మధ్యాహ్నం దావత్ వంట ముగించి ముక్తార్ చెమటతో ఇల్లు చేరాడు. జెబా స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. చేటలో ఎత్తిపెట్టిన ఆ వేళ్లనే సైమా గుడ్డలో మూటకట్టి తాగే నీళ్ల కుండలో వేసి ఉంచింది. గ్లాసు ముంచి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. ఆ చల్లదనం నాలుక మీద కన్నా ముక్కులో ఎక్కువసేపు నిలిచింది. తల ఎత్తకుండా గ్లాసు ఖాళీ చేశాడు.

"ఇంట్ల నిమ్మకాయ ఉందా?" అని అడిగాడు. పుదీనా నాలుగు రెబ్బలు దంచి, నిమ్మరసం, ఉప్పు, నానిన సబ్జా గింజలు ఆ నీళ్లలోనే కలిపి ఆమెకు ఇచ్చాడు.

సైమా తాగి, పెదవులు తుడుచుకుంది. "మంచిగున్నది. ఉప్పు జర ఎక్కువైంది."

"ఎండల పనిచేసేటోళ్లకు గట్లనే కలిపేది. చెమటల ఉప్పు పోతది కదా."

ఆమె కాసేపు గ్లాసును తిప్పుతూ కూర్చుంది. "జెబాకు మూడేళ్లప్పుడు ఎండదెబ్బ తగిలింది. మూడు రోజులు దవాఖానల ఉన్నం. నీకు చెప్పలే. అంత దూరంల నువ్వు ఏం చేస్తవని."

ముక్తార్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "నేను గూడ ఓసారి తోటల పడిపోయిన. సూడాన్ పెద్దాయన మోసుకొచ్చి నీడకు పండబెట్టిండు. ఐదేళ్లయితది."

"రంజాన్ ముందటనా? వారం ఫోన్ చెయ్యలే నువ్వు. సిగ్నల్ లేదన్నవ్."

"అవ్. గప్పుడే."

సైమా ఆయన ముఖంలోకి తిన్నగా చూసింది. డిసెంబరు నుంచి అట్లా చూడటం అదే మొదటిసారి. గ్లాసు మళ్లీ నింపి ఆయన ముందు పెట్టి, తానూ గోడకు చేరగిలబడింది.

"ఇంకేమేం చెప్పలేదో అన్నీ చెప్పు."

"ఎక్కడి నుంచి?"

"సౌదీల విమానం దిగిన కాడి నుంచి."

జెబా ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. అప్పటికి ఇద్దరూ ఇంకా అన్నం తినలేదు.